గ్రహణం పిల్ల అన్నారు



2024 సెప్టెంబరు 3వ తేదీన ఫ్రాన్సు దేశంలోని పారిస్ నగరంలో ఒక తెలుగు అమ్మాయి 400 మీటర్ల పరుగులో పాల్గొంది. అంటే మైదానం చుట్టూ సరిగ్గా ఒక్క చుట్టు. ఉక్రెయిన్ అమ్మాయి 55.16 సెకండ్లలో, టర్కీ అమ్మాయి 55.23 సెకండ్లలో గీత దాటారు. మన అమ్మాయి 55.82 సెకండ్లలో మూడవదిగా వచ్చి కంచు పతకం అందుకుంది. వికలాంగ క్రీడాకారుల కొరకు జరిగే పారాలింపిక్స్ అవి. బుద్ధిమాంద్యం గలవారిలో ఆ పోటీలలో పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమే.

ఆమె పేరు జీవాంజి దీప్తి. ఊరు వరంగల్ దగ్గర కల్లెడ. మన నెల్లిమర్లకు కల్లెడ చాలా దూరం. అయినా ఆ ఊరిలో ఆమెను గూర్చి అన్న మాటలు మనం ఇక్కడ ప్రతి వీధిలో వినేవే.

పుట్టినప్పుడే ఆ బిడ్డ తల చిన్నది. పెదవులు, ముక్కు అందరి పిల్లలవలె లేవు. సూర్యగ్రహణం వేళ పుట్టిన పిల్ల అని తల్లి విలేఖరులతో చెప్పింది. చూచినవారు "పిచ్చిది" అన్నారు, "కోతి" అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని బంధువులు సలహా ఇచ్చారు. ఏడుస్తూ ఇంటికి వచ్చిన పిల్లకు ఆ తల్లి తీపి అన్నం వండి పెట్టేదట, ఒక్కొక్క రోజు కోడికూర. అంతకు మించి ఆమె చేతిలో ఏముంది? వారు కూలికి పోయేవారు. తాత చనిపోయాక ఉన్న కాస్త భూమి కూడా అమ్ముకోవలసి వచ్చింది. అయినా బిడ్డను వదలలేదు. బడికి పంపించారు.

ఈ గ్రహణం సంగతి కాస్త ఆగి ఆలోచించాలి. రికార్డుల ప్రకారం దీప్తి పుట్టినది 2003 సెప్టెంబరు 27. ఆ రోజున సూర్యగ్రహణం లేదు. ఆ సంవత్సరం సూర్యగ్రహణాలు మే 31న, నవంబరు 23న వచ్చాయి. పల్లెలలో పుట్టినతేదీ బడిలో మాస్టారు వేసినదే గనుక తేదీని పట్టుకొని ఆ తల్లితో వాదించం. ఏ రోజున పుట్టినా సంగతి ఒక్కటే. బిడ్డ బుద్ధి ఎదగకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. కాన్పు కష్టమై బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, గర్భిణికి అయొడిన్ చాలకపోవడం, తరతరాలుగా దగ్గరి మేనరికాలు, ఇంకా వైద్యులు చెప్పేవి చాలా. గ్రహణం వాటిలో లేదు. అయినను మన విశ్వాసుల ఇళ్లలో సైతం గ్రహణం పట్టిందంటే కడుపుతో ఉన్న కోడలిని గదిలో పెట్టి తలుపు వేస్తున్నారు, కత్తిపీట ముట్టనివ్వరు.

ఇంకొందరున్నారు. గ్రహణాన్ని నమ్మరు గాని, "ఆ తల్లిదండ్రులలో ఏదో పాపం ఉంది, ప్రార్థన చాలలేదు" అంటారు. పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న ఇదే గదా! ఆయన ఇచ్చిన జవాబు చదివిన మనమే మళ్లీ అడుగుతున్నాము. గ్రహణం అన్నవాని మాటకంటె ఈ మాట ఆ తల్లిని ఎక్కువ కోస్తుంది.

దీప్తి బడిలో మామూలు పిల్లలతోనే పరుగెత్తింది, వారిని దాటింది. వ్యాయామ ఉపాధ్యాయుడు చూచాడు. తరువాత నాగపురి రమేష్ అనే శిక్షకుడు చూచి హైదరాబాదుకు పిలిపించాడు. ఆమెకు మాట నెమ్మదిగా అర్థమవుతుందని గ్రహించి సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో పరీక్షలు చేయించారు. ఆ పరీక్షలవల్లనే ఆమెకు టి-20 అనే తరగతిలో పరుగెత్తే అర్హత వచ్చింది. ఈ విషయంలో పరీక్షలు గట్టిగా ఉంటాయి. కారణముంది. 2000లో సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఏ లోపమూ లేనివారిని బుద్ధిమాంద్యులని చెప్పి ఆడించి బంగారు పతకం పట్టుకుపోయింది. మోసం బయటపడ్డాక పతకం వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. కాని శిక్ష పడినది నిజంగా లోపమున్న పిల్లలకు. 2012 లండన్ పోటీల వరకు వారిని పారాలింపిక్స్‌లోకి రానివ్వలేదు.

400 మీటర్ల పరుగు కాళ్ల బలంతోనే అయిపోదు. మొదటి సగంలో ఉన్న శక్తంతా వాడేస్తే చివరి వంద మీటర్లలో కాళ్లు రాళ్లవుతాయి. ఎక్కడ ఎంత దాచుకోవాలో తెలియాలి. ఎవరి గీతల మధ్య వారే పరుగెత్తాలి. ఇవి తెలివికి సంబంధించినవి. చెప్పినది త్వరగా అందని పిల్లకు వీటిని నేర్పడానికి ఎంత ఓర్పు కావాలో మీరే ఊహించుకోండి. 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడలలో ఆమె బంగారు పతకం గెలిచింది. 2024 మే నెలలో జపానులోని కోబెలో 55.07 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ రికార్డును టర్కీ అమ్మాయి అదే సంవత్సరం పారిస్‌లో దాటేసింది. రికార్డులంతే. దీప్తికి అర్జున పురస్కారం వచ్చింది. 2025లో న్యూఢిల్లీలో ప్రపంచ పోటీలలో వెండి పతకం కూడా.

మేము ప్రార్థన నిమిత్తం వెళ్లే ఇళ్లలో, అతిథులు వచ్చినప్పుడు లోపలి గదిలోనికి పంపబడే పిల్లలున్నారు. వారందరూ పరుగెత్తలేరు. పతకాలు రావు. కాని సదరం శిబిరానికి తీసుకొని వెళ్లి వైద్యులకు చూపిస్తే ధ్రువపత్రం వస్తుంది. దానితో పింఛనుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఇటువంటి పిల్లల కొరకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలలో చేర్పించవచ్చు. పెళ్లి సంబంధాలు చెడతాయని అక్క కొరకు తమ్ముణ్ణి దాచే తల్లిదండ్రులు కొందరు మాకు తెలుసు. వారి భయం వట్టిది కాదు. సంబంధం చూడవచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న అదే. అలా అడిగేవారిలో మన సంఘస్థులు కూడా ఉన్నారు.

ఆసియా క్రీడల పతకానికి వచ్చిన బహుమతి డబ్బుతో దీప్తి కుటుంబం, కష్టకాలంలో అమ్ముకున్న ఆ భూమిని తిరిగి కొనుక్కుంది.