చెప్పు బయటే ఉంది, మరి కాలు?

రెడ్డిగూడెంలో ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి, చెప్పులు గడప బయటే ఉంటాయి. మైలవరం వైపు వెళ్ళినా అంతే, జగ్గయ్యపేట, నందిగామ వైపు వెళ్ళినా అంతే. శుభకార్యం జరిగే ఇంటి ముందైతే చెప్పుల కుప్పే పడుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరి చెప్పు ఎవరి కాలికి ఎక్కుతుందో దేవుడికే ఎరుక! కనుక ఇంట్లోకి చెప్పులతో రావద్దని మీకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. నియమం మంచిదే. కాని దాన్ని మనం సగమే పాటిస్తున్నామని నా అభిప్రాయం.

చెప్పులు బయట ఎందుకు విడవాలని ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. చెప్పు మైల అని చాలామంది అంటారు. చచ్చిన పశువు తోలుతో చేసింది గనుక మైల అన్నది పాత మాట. ఇప్పుడు మీరు తొడిగే చెప్పుల్లో తోలెంత? అంతా రబ్బరు, ప్లాస్టిక్కు. మంచినీళ్ళ బిందె కూడా ప్లాస్టిక్కుదే, దాన్ని వంటింట్లోనే పెట్టుకుంటున్నాం కదా! అంటే తప్పు చెప్పుది కాదు, దాని అడుగున అంటుకున్నదానిది.

ఇది చిన్న తేడా అనుకోకండి. చెప్పు మైల అనుకున్న ఊరు, దాన్ని కుట్టిన మనిషిని కూడా మైల అన్నది. చెప్పులు కుట్టి ఇచ్చినవాళ్ళే పెద్ద వీధుల్లో చెప్పులు తొడుక్కొని నడవకూడని రోజులు మన పల్లెల్లో ఉండేవి. వీధిలోకి రాగానే చెప్పులు చేత పట్టుకోవాలి. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణంతో మన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. ఆ పాత వీధి కట్టుబాటులో శుభ్రత ఏమైనా ఉందా? చెప్పులు విప్పించినంత మాత్రాన వీధిలో పేడ తగ్గదు!

సరే, చెప్పు అడుగున ఏముంటుందో చూద్దాం. వానాకాలమైతే మట్టి, పేడ, కోళ్ళ రెట్ట, మురుగు. వాటిలో కంటికి కనబడనివి ఇంకా ఉంటాయి. ఏలికపాము గుడ్లు బంకగా ఉండి దేనికైనా అంటుకుంటాయి. మట్టిలో ఏళ్ళ తరబడి బతకగలవు. అవి నోట్లోకి పోతేనే రోగం. నేల మీద పాకుతూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేది ఎవరు? మీ ఇంట్లో ఏడాది పిల్లవాడు.

మరొకటి పురుగుమందు. రెడ్డిగూడెం అంటే మామిడి తోటలు. పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొడతారు. అది కొమ్మల మీదే ఆగదు, కింద నేల మీదా పడుతుంది. ఆ నేలను తొక్కిన చెప్పు నేరుగా ఇంట్లోకి వస్తే? పొలం ఉన్న ఇళ్ళ పిల్లలు 2,4-డి అనే కలుపుమందు పేరు వినే ఉంటారు. ఆ మందు చల్లిన పచ్చిక మీద నడిచినవాళ్ళ బూట్ల ద్వారా అది ఇళ్ళలోని తివాచీల దుమ్ములోకి చేరుతున్నదని 1996లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధన చూపింది. బయట పడిన మందును ఎండ, వాన, మట్టిలోని సూక్ష్మజీవులు మెల్లగా విరగ్గొడతాయి. ఇంట్లో మంచం కింద ఎండా లేదు, వానా లేదు. అందుకే తోటలోకి వేసుకెళ్ళే చెప్పులు గుమ్మం పక్కన కూడా వద్దు, దూరంగా విడవాలంటాను.

ఇక కాలి సంగతికి వద్దాం. చెప్పు విడిచి, వట్టికాళ్ళతో పశువుల కొట్టం తిరిగి వచ్చి, ఆ కాళ్ళతోనే వంటింట్లోకి వెళ్ళేవాళ్ళను మీరు చూడలేదా? అడుగున అంటుకున్నదే తప్పయితే, అది చర్మానికి అంటుకుంటే మాత్రం ఒప్పు ఎలా అవుతుంది? పూర్వం చుట్టం రాగానే చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమనేవారు. చెప్పులు బయట విడవడం మిగిలింది, చెంబు మాత్రం పోయింది.

కడుక్కుంటే అన్నీ పోతాయనీ అనలేం. కొంకిపురుగు కాలి చర్మం గుండానే లోపలికి దూరుతుంది. దీన్ని కనుక్కున్నది ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. కైరోలో పనిచేస్తుండగా కొంకిపురుగు డింభకాలున్న నీటి చుక్కలు ఆయన చేతిమీద పడ్డాయి. అక్కడ మంట పుట్టి ఎర్రబడింది. కొన్నాళ్ళకు ఆయన మలంలో ఆ పురుగు గుడ్లు కనిపించాయి! ఈ సంగతిని ఆయన 1898లో ప్రకటించాడు. డింభకం చర్మం నుంచి రక్తంలోకి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, మింగుడుపడి పేగుల్లోకి చేరుతుంది. పేగు గోడను కరచి పట్టుకొని రక్తం తాగుతుంది. ఒక్క పురుగు తాగేది కొంచెమే. వందలు చేరితే మనిషి పాలిపోతాడు, పాఠం తలకెక్కదు.

ఈ డింభకాలకు వెచ్చని, తడిగా ఉండే, నీడపట్టు నేల కావాలి. వాన పడ్డాక చెట్ల కింది నేల అలాంటిదే. అక్కడ ఎవరైనా మలవిసర్జన చేస్తే వారం పది రోజుల్లో డింభకాలు సిద్ధం. కనుక మొదట కావలసింది మరుగుదొడ్డి, ఆ తర్వాత కాలికి చెప్పు. 2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో ఇస్తున్న ఆల్బెండజోల్ బిళ్ళ లోపలున్న పురుగులను చంపుతుంది, రేపు దూరబోయే వాటిని ఆపదు.

అయినా మనవాళ్ళు మరుగుదొడ్డికి వట్టికాళ్ళతో వెళ్ళి వస్తారు! జపానువాళ్ళు కూడా గుమ్మం దగ్గరే బూట్లు విడుస్తారు. కాని చాలా ఇళ్ళలో మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి, వాటిని ఆ గది దాటి బయటికి తేరు. అది చూసి నేర్చుకోవచ్చు. ఒక జత హవాయి చెప్పులు చాలు.

షుగరు జబ్బు ఉన్న నాయనమ్మను ఇంట్లో చెప్పులు వేసుకోవద్దని తగవు పెట్టుకోకండి సుమా. ఆ జబ్బు ముదిరితే పాదంలో స్పర్శ తగ్గుతుంది. గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే త్వరగా మానదు. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోమని డాక్టర్లే చెబుతారు. ఆ జత వీధి తొక్కనిదైతే చాలు.

మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే ఒక పని చేయండి. రెండు తెల్లగుడ్డ ముక్కలు తడిపి పిండండి. పెరట్లో తిరిగి వచ్చిన చెప్పు అడుగును ఒకదానితో, అక్కడే తిరిగి వచ్చిన వట్టికాలి అడుగును రెండోదానితో తుడవండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. రెండు గుడ్డలూ పక్కపక్కన ఆరవేసి, ఏది చెప్పుదో ఏది కాలిదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళను పోల్చమనండి.