మార్కులకేనా మైటోకాండ్రియా?

"మైటోకాండ్రియా కణ శక్త్యాగారాలు" అన్న ముక్క మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. ఆ ఆగారంలో ఏం జరుగుతుందమ్మా అంటే మాత్రం బిక్కమొహం! "మార్కులొస్తున్నాయిగా, ఇంకేం కావాలండీ?" అంటారు మా పక్కింటావిడ. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

తిన్న అన్నం గ్లూకోజు అవుతుంది. అది పెద్దనోటు లాంటిది. కణానికి రోజువారీ ఖర్చులకు కావలసింది చిల్లర. ఆ చిల్లరే ఏటీపీ. 1929లో దాన్ని కండరాల్లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారూ ఒకరు. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజును విడగొడితే కణానికి మిగిలేవి 2 ఏటీపీలే. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా మారిస్తే సుమారు 30.

మరి ఆ ఆక్సిజన్‌ను మోసుకొచ్చేదెవరు? రక్తంలోని హిమోగ్లోబిన్. దానికి ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే, పొయ్యి ఉంది, కట్టెలున్నాయి, గాలే సరిగా ఆడటం లేదు!

అలాంటి పిల్ల నాలుగు మెట్లెక్కి కూలబడితే మనమేమంటాం? "ఒళ్లొంగదు, బద్ధకం!" కణం పాఠంలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల కూడా తలొంచుకుని ఆ నింద మోస్తుంది. ఆ పాఠం తన ఒంటి గురించేనని ఎవరూ చెప్పలేదు మరి! ఎందుకండీ అలాంటి చదువు?

ఈసారి ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టేముందు పిల్ల కనురెప్ప కిందికి లాగి చూడండి. పాలిపోయి ఉంటే కావలసింది ట్యూషను కాదు, రక్తపరీక్ష.