నెత్తురు పీల్చే కొంకి పురుగు: బిళ్ల ఒక్కటే చాలదు

అమలాపురం (మా గ్రామీణ విలేఖరి): ఫిబ్రవరి, ఆగస్టు నెలలు వచ్చాయంటే బడుల్లోనూ, అంగన్‌వాడీల్లోనూ పిల్లలకు నులిపురుగుల బిళ్లలు వేస్తున్నారు. దేశంలో 2015లో మొదలైన కార్యక్రమమిది. బిళ్ల వేయించాము కనుక ఇక పురుగుల బెడద తీరిపోయినట్టేనని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటున్నారు. కాని పురుగు పిల్లవాడి కడుపులో పుట్టడం లేదు. ఊరి చివర తోటలో, కాలవ గట్టున, మన కాళ్ల కింద మట్టిలో తయారవుతున్నది. ఆ సంగతి పట్టించుకోనంత కాలం బిళ్లలు వేస్తూనే ఉండాలి, పురుగులు వస్తూనే ఉంటాయి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63 మందికి రక్తహీనత ఉంది. ఇదంతా పురుగు చేసిన పని కాదు. తిండిలో ఇనుము చాలకపోవడం పెద్ద కారణం. అయితే అసలే చాలీచాలని రక్తంలో వాటా పంచుకునే జీవి కొంకి పురుగు. ఏలిక పాము మనం తిన్న తిండిని తింటే, ఇది పేగు గోడను కరచి పట్టుకుని నెత్తురే పీలుస్తుంది.

పాదం నుంచి పేగుకు

ఈ పురుగు సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది. దారప్పోగులా సన్నగా, తల వైపు కొంకిలా వంగి ఉంటుంది. పేగులో ఉన్న ఆడ పురుగు రోజుకు వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికి వస్తాయి. మలం ఆరుబయట పడితే, నీడ, తేమ, వెచ్చదనం ఉన్న నేలలో ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల బయటపడుతుంది. మరో వారం, పది రోజుల్లో మనిషి ఒంట్లోకి దూరే శక్తి సంపాదించుకుంటుంది. ఆపైన మూడు నాలుగు వారాలు మట్టిలో కాచుకుని ఉండగలదు. ఎండకు, ఎండిన నేలకు మాత్రం తట్టుకోలేదు. కొబ్బరి తోటల నీడ, ఇసుక కలిసిన చెమ్మ నేల దీనికి పుట్టిల్లు వంటివి.

వట్టి కాలు ఆ మట్టిలో పడగానే పిల్ల పురుగు చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. అక్కడ దురద, ఎర్రటి పొక్కులు కనిపించవచ్చు. రక్తంతో పాటు గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. గొంతులోకి పాకి వస్తే మనకు తెలియకుండానే మింగేస్తాము. చివరకు చిన్న పేగులో స్థిరపడుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి అయిదు వారాలో, అంతకు పైనో పడుతుంది. ఏడాది, రెండేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలం బతుకుతుంది.

దక్షిణ భారతంలో ఎక్కువగా ఉన్న రకం ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. ఇది లెక్కలోకి రానంత తక్కువ. కాని కడుపులో నూరు పురుగులుంటే రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90 మిల్లీలీటర్లు. అంటే నెలకో టీ గ్లాసెడు నెత్తురు. బలమైన తిండి తినేవాడు కొంత తట్టుకుంటాడు. గర్భిణి, ఎదిగే పిల్ల, గంజి మెతుకులతో కూలికి పోయే మనిషి తట్టుకోలేరు.

బద్ధకం కాదు, జబ్బు

కనురెప్పల లోపల పాలిపోవడం, నాలుగడుగులకే ఆయాసం, గుండెదడ, జబ్బు ముదిరితే ముఖం, కాళ్లు ఉబ్బడం ఈ రక్తహీనత లక్షణాలు. కొందరు పిల్లలు మట్టి, బలపాలు తింటారు. చదువు మీద ధ్యాస ఉండదు. పిల్లవాడిని మొద్దు అని మాస్టారు, కూలిమనిషిని సోమరి అని రైతు తిడతారు. ఇంట్లో దిష్టి తీస్తారు. మల పరీక్ష, రక్త పరీక్ష మాత్రం చేయించరు.

ఈ నింద మన ఊళ్లలోనే పుట్టింది కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పేద రైతులను కూడా సోమరులని ఎగతాళి చేసేవారు. 1909లో రాక్‌ఫెల్లర్ సొమ్ముతో అక్కడ ఈ పురుగు నిర్మూలనకు పూనుకుని పిల్లలను పరీక్షిస్తే నూటికి సుమారు 40 మందిలో ఇది బయటపడింది. 1920 దశకంలో అదే సంస్థ, మన కోస్తా జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పని చేసింది. మందు ఇవ్వడంతో ఆగక, మరుగుదొడ్లు కట్టించడం కూడా ఆ ప్రచారంలో భాగంగా ఉండేది. నూరేళ్లు గడిచినా మనం చర్చించుకుంటున్నది ఆ రెండో మాటే.

లోటు ఎక్కడ?

బడిలో వేసే ఆల్బెండజోల్ మంచి మందే. భయపడి ఆ రోజు పిల్లలను బడి మాన్పించడం తగదు. కొందరికి కాస్త కడుపునొప్పి, వాంతి రావచ్చు, త్వరగానే తగ్గుతాయి. జ్వరంతో ఉన్న పిల్లలకు తగ్గిన తరువాత వేయించాలి. అయితే ఒక్క మోతాదుతో పురుగులన్నీ చావకపోవచ్చు. చచ్చినా, మళ్లీ అదే మట్టిలో నడిస్తే కొత్తవి చేరతాయి.

పైగా ఈ కార్యక్రమం 1 నుంచి 19 ఏళ్ల వారికి మాత్రమే. గర్భిణులకు నాలుగో నెల వచ్చాక వైద్య సిబ్బంది ఇస్తారు, తొలి మూడు నెలల్లో వాడకూడదు. మరి రోజంతా మట్టిలో పని చేసే నలభై ఏళ్ల కూలీ మాటేమిటి? ఆయన తనంతట తాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్ష అడిగితే తప్ప చూసేవారు లేరు. ఇంట్లో పిల్లలకు బిళ్ల వేసి, తండ్రి మలంతో తోటలో మళ్లీ గుడ్లు పడుతుంటే లాభమేమిటి?

చెప్పులు వేసుకోమనే సలహా సులువైనదే. తోటకు, గట్టుకు వెళ్లేటప్పుడు తప్పక వేసుకోవాలి కూడా. కాని నాట్లు వేసే ఆడమనిషి చెప్పులతో మడిలోకి ఎలా దిగుతుంది? మట్టి పిసికే చేతులకు చెప్పులెక్కడివి? అందుచేత గుడ్డు నేల మీద పడకుండా చూడడమే అసలు మందు.

2014 తరువాత స్వచ్ఛభారత్ కింద 12,000 రూపాయల సాయంతో ఊరూరా మరుగుదొడ్లు వచ్చాయి. వాటిలో పుల్లలు, పిడకలు దాచుకునే ఇళ్లు లేకపోలేదు. నీళ్లు లేక కొన్ని, గొయ్యి నిండిపోతుందన్న భయంతో కొన్ని వాడకం లేకుండా పోయాయి. రెండు గోతుల పద్ధతిలో ఒకటి నిండగానే మూసి రెండో దానికి మళ్లిస్తే, మొదటిది కాలక్రమాన ఎరువుగా మారుతుంది. ఈ సంగతి చెప్పేవారు కావాలి.

పంచాయతీలు దొడ్ల లెక్క కాక, వాడకం లెక్క తీయాలి. పొలాల దగ్గర, కూలీలు గుమికూడే చోట మరుగుదొడ్లు కట్టించాలి. ఆరోగ్య కేంద్రాలలో పెద్దవారికీ మల పరీక్ష చేసి మందివ్వాలి. ఇనుము మాత్రలు వాడుతున్నా రక్తం పెరగని వారికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. కన్నంలో నుంచి నీళ్లు పోతున్న కుండలో ఎన్ని బిందెలు పోస్తే నిండుతుంది? ముందు కన్నం పూడ్చాలి. ఆ పని ప్రభుత్వానిదీ, మనదీ కూడా.