మధ్య పేరూ పేరే

అమెరికాలో ఆడపిల్ల పుడితే తెలుగు ఇళ్లలో మొదటి పేరు మీద నెలల తరబడి చర్చ. మధ్య పేరేమో ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడు గుర్తొస్తుంది! 1986లో శాన్ డియేగోలో పుట్టిన చిలుకూరి ఉషకు (అమెరికా రాజకీయ నేత జె.డి. వాన్స్ భార్య) మధ్య పేరు బాల. రెండూ రెండక్షరాలే, ఎవరి నోటికైనా ఇట్టే పలుకుతాయి. 1964లో ఓక్లాండ్‌లో పుట్టిన కమలా హారిస్‌కు ముందు అయ్యర్ అని నమోదు చేయించి, తర్వాత దేవి అని దిద్దించారు. మంచి పని చేశారు, ‘కమలాదేవి’ వింటే మన వీధిలో పిల్లే అనిపిస్తుంది. బ్రిటన్ రాకుమారి షార్లెట్‌కైతే ముత్తవ్వ ఎలిజబెత్, నాయనమ్మ డయానా ఇద్దరి పేర్లూ మధ్య పేర్లే. పెద్దల పేరు పెట్టుకోవడం మనకూ అలవాటేగా. కాకపోతే పలకడమూ చూసుకోవాలి: మొదటి పేరు అనన్య పక్కన అమృత పెడితే అచ్చులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. అనన్య లక్ష్మి హాయిగా సాగుతుంది. సంతకం పెట్టేముందు ఇంటిపేరుతో సహా ఒకసారి గట్టిగా పిలిచి చూడండి.