ఎర్రచందనం పెన్ను నేను చేయను

మా గుడిలో ఆదివారం తెలుగు తరగతి పూర్తి చేసిన పిల్లలకి నేను చెక్క పెన్నులు చేసి ఇస్తాను. ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు ఒకటే కోరుతున్నారు. "అంకుల్, ఎర్రచందనంతో చేయండి, అది మన చెట్టు కదా!" చెక్క వాళ్ళే కొనిస్తారట. నేను వద్దంటున్నాను. కారణం చెప్పేంతసేపు ప్రసాదం లైన్లో ఎవరూ ఆగరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన చెట్టు అన్నది నిజమే. శేషాచలం, వెలికొండ, నల్లమల లాంటి కొండల్లో తప్ప అది అడవిగా పెరిగే చోట్లు చాలా తక్కువ. చెట్టంతా ఎర్రగా ఉండదు, లోపలి చేవ మాత్రమే ఎరుపు. చేవ అంటే ముదిరి గట్టిపడిన మధ్య భాగం. బలం, ధైర్యం ఉన్న మనిషిని కూడా చేవ ఉన్నవాడు అంటారు. ఇంగ్లీషు మీడియం చదువు వల్ల నాకు ఈ మాట లేత్ మిషన్ కొన్నాకే దొరికింది. ఎర్రచందనానికి మంచి చేవ రావాలంటే దశాబ్దాలు పడుతుంది. నరకడానికి ఒక్క రాత్రి చాలు.

2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. దుంగల దొంగలని పోలీసులు అన్నారు, కాదని కుటుంబాలు అన్నాయి. ఏది నిజమైనా, ఆ దుంగల మీద కోట్లు సంపాదించేవాళ్ళు ఆ రోజు అడవిలో ఉండి ఉండరు.

"పెన్నుకి కావలసింది చిన్న ముక్కే కదా" అంటారు. అవును, ముప్పావు అంగుళం మందం, అయిదు అంగుళాల పొడవు. కానీ దొంగ దుంగని చిన్న ముక్కలు చేస్తేనే కదా సులువుగా అమ్ముడుపోయేది. ప్రభుత్వం పట్టుకున్న దుంగల్ని వేలం వేస్తుంది, కాగితాలున్న చెక్క కూడా ఉంటుంది. వెబ్‌సైట్‌లో కొన్న ముక్క ఏ దుంగదో మనకి ఎవరు చెబుతారు? అక్రమంగా కొట్టిన కలపని అమ్మినా కొన్నా అమెరికాలో కూడా నేరమే. లేసీ చట్టం 2008 నుంచి చెట్లకీ వర్తిస్తుంది.

నేను వాడేది మెస్కీట్. ఇక్కడ టెక్సస్‌లో పశువుల మేత భూముల్లో ఎక్కడ చూసినా అదే. మన ఊళ్ళలో సర్కారు తుమ్మ అంటామే, దానికి దగ్గరి చుట్టం. ఈ మాట చెప్పగానే ఒక పెద్దాయన నవ్వేశారు. "బొగ్గు కాల్చుకునే ముళ్ళ కర్రతో పిల్లలకి బహుమతా?" ఆయన ఒకసారి మా గరాజ్‌కి రావాలి. ముక్కని రెండుగా కోసి, మధ్యలో బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం జిగురుతో అతికించి, లేత్ మీద తిప్పుతూ ఉలి ఆనించాలి. మెస్కీట్‌ది బెల్లం పాకం రంగు. అంచున లేత పసుపు గీత వస్తే నాకు ఇంకా ఇష్టం, అది చేవ కాని భాగం. ఎండకీ వానకీ పెద్దగా కుంచించుకుపోదు, ఉబ్బదు. అందుకే పెన్ను పగలదు. గరుకు కాగితం పట్టేటప్పుడు మాస్క్ మాత్రం తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మన ఊరి గుర్తే కావాలంటే ఏటికొప్పాక బొమ్మ కొనివ్వండి. అదీ లేత్ మీద తయారైనదే. అంకుడు కర్రని తిప్పుతూ లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే రంగు పడుతుంది. డబ్బు అక్కడి కళాకారుడికి చేరుతుంది.

లేదా మీ పెరట్లో పెకాన్ కొమ్మ కొట్టించినప్పుడు నాకు ఒక ముక్క తెచ్చివ్వండి. రెండు చివరలకీ మైనం పూయండి, లేకపోతే ఆరేటప్పుడు పగులుతుంది. ముక్క మీద చెట్టు పేరు తెలుగు అక్షరాల్లో రాయండి, పిల్లల చేత రాయిస్తే మరీ మంచిది. పెకాన్‌కి తెలుగు పేరు ఏం పెడదామో కూడా ఆలోచించి రండి.