ఏమీ వేయని మడి

విద్యార్థులారా! "ఈసారి యూరియా దండిగా చల్లాం, పైరు నల్లగా లేచింది" అని పెద్దలు చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు. కాని ఒక్క పంటను చూసి, నేలకు మేలు జరిగిందని చెప్పవచ్చునా? చెప్పకూడదనే నేనంటాను. ఎందుకో వినండి.

హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో 1972లో ఒక ప్రయోగం మొదలయింది. పొలాన్ని మళ్ళుగా విభజించి, ప్రతి ఏడూ మొక్కజొన్న, ఆ తరువాత గోధుమ వేస్తూ వచ్చారు. ఒక మడికి యూరియా రూపంలో నత్రజని మాత్రమే వేశారు. ఇంకొక మడికి నత్రజనితోబాటు భాస్వరం, పొటాష్ కూడా ఇచ్చారు. వేరొక మడికి ఈ మూడూ కాక పశువుల ఎరువు తోలారు. ఒక మడికి మాత్రం ఏమీ వేయలేదు.

యూరియా మడి మొదట్లో పండింది. ఏళ్ళు గడిచేకొద్దీ దిగుబడి జారిపోయి, చివరకు అందులో గింజ కూడా రాలేదు! ఏమీ వేయని మడి కొద్దో గొప్పో పండుతూనే ఉంది. పశువుల ఎరువు కూడా పడిన మడి నిలదొక్కుకుంది.

కారణమేమిటి? యూరియాలోని నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. అలా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. అక్కడి నేల అసలే ఆమ్లగుణం కలది. ఆమ్లం ఇంకా పెరగడంతో మట్టిలోని అల్యూమినియం కరిగి, వేళ్ళను పాడుచేసింది. భాస్వరమా, పైనుంచి వేసింది లేదు, ఉన్నదీ మొక్కకు అందలేదు. మన నల్లరేగడి నేలల్లో సున్నం పాలు ఎక్కువ గనుక అవి ఇంత త్వరగా ఆమ్లంగా మారవు. అందుకే ఒక చోటి ఫలితాన్ని తెచ్చి ఇంకొక చోట అతికించరాదు. ఏ నేలను ఆ నేలనే అడగాలి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ప్రయోగాన్ని ఒక ఏడాదితో ముగించి ఉంటే, "యూరియా చాలు" అని రాసి సంతకం పెట్టేవారు కదా!

"ఏళ్ళ తరబడి అదే పొలంలో అదే పనా? ఎరువు వేయని మడి వల్ల ఎవరికి లాభం?" అని అడిగేవారున్నారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఆ మడే. అది కొలబద్ద. అది లేకుంటే దిగుబడిలో ఎరువు పాలెంతో, వాన పాలెంతో, కొత్త విత్తనం పాలెంతో తేల్చలేం. ఇంగ్లండులోని రోథాంస్టెడ్‌లో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1843లో గోధుమతో ఇలాంటి ప్రయోగం మొదలుపెట్టారు. అది నేటికీ సాగుతూనే ఉంది. అక్కడ ఆనాటి నుంచి ఎరువు ఎరుగని మడి హెక్టారుకు రమారమి 1 టన్ను గోధుమ ఇస్తూ వస్తున్నది. గాలీ వానా తెచ్చిన నత్రజని, మెల్లగా విడివడే ఖనిజాలు, కుళ్ళే వేళ్ళు దాన్ని పోషిస్తున్నాయన్న మాట. మొదలుపెట్టిన వారిద్దరూ 1901 నాటికే కన్నుమూశారు. తరువాతి వారు ఆపలేదు. జగిత్యాలలో కూడా 2000–01లో వరి మీద ఇటువంటి ప్రయోగం ప్రారంభించారు.

మన పాఠశాలల్లో ప్రయోగమంటే 40 నిమిషాల పీరియడు. గంట కొట్టేలోగా రంగు మారాలి, రికార్డు పూర్తి కావాలి. ఇది నాకు నచ్చదు. నేల అలా గంటకు జవాబు చెప్పదు సుమా!

మీ బడి ఆవరణలో కాస్త చోటు ఉంటే నాలుగు చిన్న మళ్ళు కట్టండి. ఒకదానికి యూరియా మాత్రమే, ఒకదానికి పశువుల ఎరువు, ఒకదానికి రెండూ వేయండి. నాలుగవదానికి ఏమీ వేయకండి. అన్నిటిలో ఒకే విత్తనం, ఒకే రోజున చల్లండి. నీళ్ళు సమానంగా పెట్టండి. కోసిన పంటను తూచి, నోటుపుస్తకంలో తేదీతో రాయండి. మీరు పదవ తరగతి దాటి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని తొమ్మిదవ తరగతి వారి చేతికివ్వండి. నాలుగవ మడిని చూసి ఎవరైనా జాలిపడి గుప్పెడు ఎరువు చల్లకుండా చూసుకొమ్మని వారికి గట్టిగా చెప్పండి.