ఇంటి మొక్కకు ముందుగా కావలసింది వెలుతురు లెక్క

అలంకరణ పత్ర మొక్కలలో మనీప్లాంట్‌కు ఉన్నంత ఆదరణ తెలుగువారి ఇళ్ళలో మరి దేనికీ లేదు. శాస్త్రీయంగా ఎపిప్రెమ్నం ఆరియం అని పిలిచే ఈ తీగ పసిఫిక్ మహాసముద్రంలోని మూరియా దీవికి చెందినది. చావులేని మొక్కగా దీనికి పేరున్నప్పటికీ, అనేక ఇళ్ళలో ఆకులు పసుపు బారి, వేర్లు కుళ్ళి నశించడం చూస్తూనే ఉన్నాము. నీరు చాలలేదని భావించి మరింత నీరు పోయడం పరిపాటి. నిజానికి లోపం చాలా సందర్భాలలో వెలుతురులో ఉంటుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండలో కాంతి తీవ్రత సుమారు 1 లక్ష లక్స్ వరకు ఉంటుంది. 75 శాతం నీడనిచ్చే వల కింద అది పాతిక వేలకు, కిటికీకి దూరంగా ఉన్న గది మూలలో కొన్ని వందలకు పడిపోతుంది. మనిషి కన్ను ఈ వ్యత్యాసానికి సులభంగా సర్దుకుంటుంది గనుక గది వెలుతురుగానే తోస్తుంది. వెలుతురు తగ్గినప్పుడు కిరణజన్య సంయోగక్రియతోపాటు బాష్పోత్సేకం, నీటి వినియోగం కూడా తగ్గుతాయి. అయినా రోజూ అదే మోతాదులో నీరు పోస్తే మట్టి రంధ్రాలు నీటితో నిండి వేర్లకు ప్రాణవాయువు అందదు. పిథియం వంటి వేరుకుళ్ళు కారకాలకు ఇది అనువైన స్థితి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మళ్ళీ నీరు పోస్తారు.

కావున "రోజుకు ఒక గ్లాసు నీరు" అనే సలహా శాస్త్రసమ్మతం కాదు. పైమట్టి 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతు వరకు ఆరిన తరువాతనే నీరు పోయాలి. కుండీ అడుగున రంధ్రం ఉండాలి. పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. నేరుగా ఎండ తగలని కిటికీ పక్కన మొక్కను ఉంచాలి.

బాధ్యత కొనుగోలుదారుని ఒక్కనిదే కాదు. 1970వ దశకంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కోనోవర్, పూల్ ఫైకస్ బెంజమినా వంటి మొక్కలపై పరిశోధించి, అమ్మకానికి ముందు నీడకు అలవాటు చేసిన మొక్కలు ఇంటిలోపల ఆకులు తక్కువగా రాల్చుతాయని చూపారు. కడియం పరిసరాలలోని నర్సరీ రైతులు కూడా విక్రయానికి ముందు కొన్ని వారాలపాటు మొక్కలను దట్టమైన నీడలో ఉంచి, నీరు, ఎరువు తగ్గించడం అలవరచుకోవాలి.

గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారంతో మొక్కలను అమ్మడం మరొక లోపం. 1989లో నాసా తరఫున ఉల్వర్టన్ బృందం ప్రకటించిన ఫలితాలు మూసివేసిన చిన్న గదులలో లభించినవి. 2019లో కమింగ్స్, వేరింగ్ చేసిన సమీక్ష ప్రకారం, భవనంలో సహజంగా జరిగే గాలి మార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు అవసరం. అందానికి, ఆహ్లాదానికి పెంచే మొక్కకు లేని గుణం అంటగట్టడం విస్తరణ సేవకు తగదు.

చెప్పవలసిన జాగ్రత్తలు మాత్రం చెప్పడం లేదు. మనీప్లాంట్, డిఫెన్‌బేకియా ఆకులలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు నమిలినవారి నోటిలో మంట, వాపు కలిగిస్తాయి. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట వీటిని అందనంత ఎత్తున ఉంచాలి. సీసా నీటిలో పెంచే మనీప్లాంట్ డెంగీ దోమకు ఆవాసం కాగలదు. వారానికొకసారి నీటిని మార్చి, సీసా లోపలి గోడలను రుద్ది కడగాలి.

విస్తరణ వ్యవస్థ పొలానికే గాని వరండాకు కాదని కొందరు వాదించవచ్చు. అయితే ఇంటిలో మొక్క చనిపోతే తిరిగి కొనే ఉత్సాహం సన్నగిల్లుతుంది. ఆ నష్టం చివరకు నర్సరీ రైతుదే. వెలుతురు, నీరు, విష లక్షణం అనే మూడు విషయాలను తెలుగులో తెలిపే చీటీ ప్రతి కుండీకి ఉండేలా ఉద్యాన విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు నర్సరీలతో కలిసి కృషి చేయాలి. ఒకే రకపు మొక్కలను కిటికీ వద్ద, గది మూలలో ఉంచి, కుండీలను రోజూ తూచి నీటి వినియోగాన్ని పోల్చడం విద్యార్థులకు తక్కువ ఖర్చుతో అయ్యే ప్రయోగం. చీటీపై రాయవలసిన సలహాకు అదే ఆధారం కావాలి.